ఎడమ చేతి నాడి

"తప్పు," అన్నాడు రాజనర్సయ్య తెర వెనక నుంచి.

ఏసోబు ఉలిక్కిపడి వేళ్లు తీసేశాడు. తెర చీలికలోంచి బయటికి వచ్చిన చెయ్యి నెమ్మదిగా లోపలికి పోయింది. మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా పల్చటి గుడ్డ చుట్టి, నాడి దొరికేంత జాగా మాత్రం వదిలిన చెయ్యి అది.

"నిన్న సుత గిట్లనే అనిపించిందయ్యా. గుండె తడబడుతున్నది. ఈమెకు మస్తు ప్రమాదం."

"ఆమెకేం లేదు. గట్టిగున్నది. తప్పు చెప్పినవ్."

అది పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదో సంవత్సరం. పంజాగుట్ట దగ్గరి నవాబుగారి పెద్ద భవంతి, దేవిడీలో ఆడవాళ్లకు జబ్బు చేస్తే అమీర్‌పేట తోటల్లోని ఈ పెంకుటింటికే కబురొచ్చేది. అక్కడి బేగంలు పరదా దాటి రారు. వైద్యుడికి తెరలోంచి గుడ్డ చుట్టిన చెయ్యి మాత్రం ఇస్తారు. రాజనర్సయ్యకు వయసు మీదపడింది. తన బదులు ఏసోబును పంపాలనుకున్నాడు. చెయ్యి కుదిరితే ఏసోబు వైద్యుడవుతాడు. కుదరకపోతే మళ్లీ ఇదివరకటిలా దొరసాని బంగళాలో తోటపనే.

అందుకే ఈ తెర, ఈ సాధన. మగవాళ్లకు కుడిచేతి నాడి, ఆడవాళ్లకు ఎడమచేతి నాడి చూడటం వైద్యుల ఆచారం. కాబట్టి తెరలోంచి వచ్చేవన్నీ ఎడమ చేతులే. వైద్యానికొచ్చి వసారాలో కూర్చున్న ఆడవాళ్లను రాజనర్సయ్య భార్య సత్తెమ్మ పెరటి గుమ్మంలోంచి తెర వెనక్కి తీసుకొచ్చేది. ఏసోబు ముట్టుకోగానే తోచింది చెప్పాలి. అప్పటికే నాడి చూసిన గురువు లోపలి నుంచి సరే అనో, తప్పు అనో అంటాడు. ఎందుకని అడిగితే మాత్రం మండిపడతాడు.

"చెయ్యి చెప్పింది నోరు చెప్పాలె. నడుమ బుర్రను రానియ్యకు. ఇంకోటి, సొంతోళ్ల నాడి ఎన్నడూ చూడకు. పాణం గుంజుతది, చెయ్యి అబద్ధమాడతది."

మొదట్లో అన్నీ తప్పులే. రానురాను, ఎలాగో ఏసోబుకే అంతుపట్టలేదు గానీ, సరేలు ఎక్కువయ్యాయి. మంగవ్వకు లోపలి జ్వరమన్నాడు. సరే. బుచ్చమ్మ కడుపుతో ఉందన్నాడు. సరే, ఆ సంగతి ఆమె మొగుడికి కూడా అప్పటికి తెలియదు.

ఈ ఒక్క చెయ్యి దగ్గరే వచ్చింది చిక్కంతా. తోటల్లో మోట కొట్టే వాళ్ల చెయ్యిలా మోటుగా ఉంటుంది. రోజూ చివర్న వస్తుంది. ఏసోబు ప్రమాదమంటాడు, గురువు తప్పంటాడు. విసిగిపోయి ఒకరోజు గురువుకు నచ్చేమాటే చెప్పేశాడు.

"గట్టిగున్నదయ్యా. ఏం ఫికర్ లేదు."

"చెయ్యి చెప్పిందా, నోరు చెప్పిందా?"

ఏసోబు వేళ్లు వెనక్కి తీసుకున్నాడు.

"తప్పు," అన్నాడు రాజనర్సయ్య.

ప్రమాదమంటే తప్పు, బాగుందన్నా తప్పు! ఏసోబుకు పిచ్చెక్కినట్టయింది. తన వేళ్లనే తాను నమ్మలేకపోయాడు. అన్నం కలిపేటప్పుడు కూడా వేళ్ల వంక అనుమానంగా చూసుకున్నాడు.

మర్నాడు ఉదయం నుంచీ ఒకటే వాన. వసారా ఖాళీ. రోగి అన్నవాళ్లు ఎవరూ రాలేదు. అయినా ఏసోబు తెర ముందు కూర్చోగానే ఆ చెయ్యి వచ్చింది, అతను మళ్లీ తప్పనిపించుకున్నాడు.

ఏసోబు అక్కణ్ణుంచి లేవలేదు. రోగులే లేనప్పుడు తెర వెనక ఉండేదెవరు? ఆ ఇంట్లో ఉన్న ఆడమనిషి సత్తెమ్మ ఒక్కతే. రోజూ మధ్యాహ్నం పిలిచి జొన్నరొట్టె పెట్టే సత్తెమ్మ. సొంతోళ్ల నాడి గురించి గురువు అన్నమాట అప్పుడు గుర్తొచ్చింది.

"అయ్యా, నన్ను దేవిడీకి పంపకున్నా మంచిదే. ఒక్కమాట చెప్పనియ్యుండ్రి. ఆ చెయ్యి అమ్మదే గద?"

ఏసోబు తెరకు దగ్గరగా జరిగాడు.

"సొంతోళ్ల నాడి చూడొద్దని మీరే అంటిరి. పాణం గుంజుతున్నది గనకనే మీకు గట్టిగ తోస్తున్నది. అమ్మ చెయ్యి ఇంకోసారి చూడనియ్యుండ్రి."

చీలికలోంచి మళ్లీ చెయ్యి వచ్చింది. ఏసోబు వేళ్లు ఆనించాడు. ఈసారి బుర్ర అడ్డం రాలేదు, భయమూ రాలేదు. కళ్లలో నీళ్లు మాత్రం తిరిగాయి.

"ఇయ్యాల్నే పెద్ద దవాఖానకు తీసుకపోవాలె. ఇంక ఆలస్యం చేస్తే మనిషి దక్కదు. మీరు తప్పంటే అనుండ్రి, నేను మాత్రం గిదే చెప్త."

"సరే," అన్నాడు రాజనర్సయ్య. "నువ్వు మొదటి దినం నుంచీ సరిగ్గనే చెప్తున్నవ్. నాకే మనసొప్పలేదు. రేపటి సంది దేవిడీకి నువ్వే పో."

ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మాట. ఏసోబుకు ఇసుమంతైనా సంతోషం కలగలేదు. ఆ తల్లి కూడా ఇదంతా వింటూనే ఉందే అనుకుని కుమిలిపోయాడు. పట్టుకున్న చెయ్యి వదలబుద్ధి కాలేదు.

"ఫికర్ చెయ్యకమ్మా," అన్నాడు తెరవైపు వంగి. "నేను సుత దవాఖానకు ఎంబడొస్త."

ఏసోబు వెనక వీధి తలుపు కిర్రుమంది. నెత్తిన కూరగాయల గంపతో, తడిసిన కొంగు పిండుకుంటూ సత్తెమ్మ లోపలికి వచ్చింది.

"పొద్దుగాల పోయినదాన్ని, వానకు ఖైరతాబాద్‌లనే చిక్కుకున్న. ఏమైంది కొడుకా, ఎందుకేడుస్తున్నవ్?"

ఏసోబు తలతిప్పి ఆమెను చూశాడు. తన వేళ్ల కింద నాడి ఇంకా తడబడుతూనే ఉంది.

తెర వెనక రాజనర్సయ్య ఒక్కడే ఉన్నాడు.