ఎత్తకూడని ఫోను

“బండి నడిపేటప్పుడు ఫోన్ మోగితే ఏం చేయాలి?” డిపో మేనేజరు భద్రతా పాఠం మొదలుపెట్టాడు.

“ఎత్తకూడదు సార్!” బస్సు డ్రైవర్లంతా బడిపిల్లల్లా అరిచారు. ఆ మాటే ఆయన బోర్డు మీద ఇంతింత అక్షరాలతో రాశాడు.

వెనక బెంచీలో బట్టతల డ్రైవరొక్కడే నోరు మెదపలేదు.

“ఏమయ్యా, నీకు చెవికెక్కలేదా?”

“ఎప్పుడో ఎక్కింది సార్. అందుకే మొన్న బడి ముందు మలుపులో బస్సు తిప్పుతుంటే మూడుసార్లు మోగినా ఎత్తలేదు.” జేబులోంచి మడత కాగితం తీశాడు. “దానికే ఈ మెమో. శిక్షగా ఈ క్లాసుకి పంపారు.”

“ఏ బుర్రలేనివాడు ఇచ్చాడది?”

“కింద సంతకం తమరిదే సార్. ఆ ఫోన్ చేసిందీ తమరే.”

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. బోర్డు వైపు తిరిగి, ‘ఎత్తకూడదు’ పక్కన ‘నాది తప్ప’ అని చేర్చాడు.

“ఊఁ, అందరూ రాసుకోండి.”