నెత్తురు చుట్టరికం

"ఆదివారం నా పక్కన ఆకేసుకుని కూచుంటావురా!" అన్నాడు పద్మనాభయ్య, పదిమందీ వినేటట్టు.

చిన్నపోలయ్య చేతిలోని గడ్డపార జారి కిందపడింది.

వాకాడుకు అవతల, సముద్రపు గాలి తగిలే ఆ పల్లెలో పద్మనాభయ్య వాకిలి దాటి ఏ యానాదీ లోపల అడుగుపెట్టలేదు. చిన్నపోలయ్య ముప్పై ఏళ్లుగా ఆయన మడికి కావలి. నీళ్లు కట్టేది అతనే, గట్లు తవ్వి ఎలకలు పట్టేదీ అతనే. అయినా దాహమేస్తే వాకిట్లో దోసిలి పట్టాల్సిందే. అయ్య భార్య ఇందిరమ్మ ఎత్తునుంచి పోసేది. ఒకసారి వానకు ఓర్చుకోలేక అరుగెక్కి నిలబడితే, దిగిపోయాక అరుగంతా పేడతో అలికించారు.

అట్లాంటి అయ్య ఇప్పుడు, తను బతికి బయటపడ్డందుకు పెట్టే భోజనాల్లో పంక్తిలో కూచోబెడతానంటున్నాడు.

"వాడి నెత్తురు నా ఒంట్లో పారతా ఉంది. ఇంక మాది చుట్టరికం కాక ఏంది?" అన్నాడు మళ్లీ.

చిన్నపోలయ్య తల వంచుకున్నాడు. నెల రోజులుగా ఆ తల పైకి లేస్తే కదా!

చైనా యుద్ధం జరిగిన మరుసటేడు ఎండాకాలంలో అయ్య వీపు మీద పెద్ద చీముగడ్డ లేచింది. మద్రాసు నుంచి ఎవరో తెచ్చిన కొత్త మాత్రలు మింగితే పుండు మానింది గానీ కడుపు పట్టు తప్పింది. రోజుకు పదిహేను సార్లు. గంజి కూడా నిలవదు. నలభై రోజులకు మనిషి పక్కకు అంటుకుపోయాడు.

ఆస్పత్రిలో వేశారు. తడిసిన పంచెలు ఉతకడానికి ఇంట్లోవాళ్లే వెనకాడితే చిన్నపోలయ్య ఉతికాడు. అతను లోపలికొస్తే చాలు, అయ్య గోడవైపు తిరిగి కళ్లు మూసుకునేవాడు.

డాక్టరు చిన్నవయసువాడు. పై దేశాల పత్రికలు తెప్పించుకుని చదివే రకం. ఒకరోజు చిన్నపోలయ్యను పక్కకు పిలిచాడు.

"ముప్పై ఏళ్లలో ఒక్కరోజు కూడా మంచమెక్కలేదంట గదా నువ్వు! ఏం తింటావయ్యా?"

"పులిసిన సంగటి నీళ్లు, మజ్జిగ. దొరికితే చేప, ఎండ్రకాయ. ఎలక దాచిపెట్టిన వడ్లు."

"మాత్రలు ఎప్పుడైనా మింగావా?"

"కంటితో చూసిందే గాని నోట్లో ఏసుకున్నోణ్ణి కాదు సామీ."

"కడుపు చెడిందా ఎప్పుడైనా?"

"నిండని రోజులుండాయి గాని చెడిన రోజు లేదు."

డాక్టరు నవ్వాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "మన పేగుల్లో కంటికి కనపడని జీవాలు కోట్లు కాపురముంటాయి. తిన్నది అరగడానికి సాయపడేవీ, చెడ్డ క్రిముల్ని రానీయనివీ అవే. ఆ మాత్రలకు మీ అయ్య పేగుల్లో చాలావరకు చచ్చాయి. మడి బీడు పడితే కలుపేగా మొలిచేది! నీ దగ్గర మంచి నారుంది. ఇస్తే తీసుకెళ్లి నాటుతాను."

ఏమివ్వాలో, ఎట్లా ఎక్కిస్తారో కూడా చెప్పాడు.

చిన్నపోలయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "వొద్దు సామీ! నాది... అయ్య ఒంట్లోకా? తెలిస్తే నన్ను చెట్టుకు కట్టేస్తాడు."

"ఆయనకు తెలియదులే. నువ్వు ఇవ్వకపోతే వారం దాటడు."

ఇచ్చాడు. వరసగా నాలుగు పొద్దులు ఇచ్చాడు. నర్సు మగ్దలీనమ్మ గుడ్డ కప్పి లోపలికి తీసుకుపోయేది. ఐదోనాడు అయ్య కడుపు నిలబడింది. పదోనాడు మజ్జిగన్నం అడిగి తిన్నాడు.

ఇంటికొచ్చేసరికి ఊళ్లో మాట పాకిపోయింది. చిన్నపోలయ్య నెత్తురిచ్చి అయ్యను బతికించాడంట!

"ఇంక చూడండి, పద్మనాభయ్యగారు కూడా పార పట్టుకుని ఎలక కలుగులు తవ్వుతాడు!" అన్నాడు టీ అంగడి బడేసాహెబ్. అందరూ పడీపడీ నవ్వారు.

పెళ్లాం పెంచలమ్మ మూతి తిప్పింది. "అంత గొప్ప నెత్తురైతే నాకు జొరమొచ్చిననాడు యాడ దాచినావు?"

అవునని అనలేడు, కాదని అనలేడు. అయ్య ఎదురొస్తే కాలవలోకి దిగి తుంగ చాటున కూచునేవాడు. ఆయన ఒంటిని తనే మైలపరిచినట్టు లోపల ఒకటే కుమిలిపోవడం. ఇప్పుడు ఆ అబద్ధం మీద ఆకేసుకుని అన్నం ఎట్లా తినడం?

శనివారం మధ్యాహ్నం వెళ్లాడు. అయ్య ఒక్కడే అరుగు మీద కూచుని మజ్జిగ తాగుతున్నాడు.

"నేను పంక్తిలో కూచోలేనయ్యా. నాకెవురూ సూది గుచ్చలా. నేనిచ్చింది నెత్తురు కాదు. చెప్పుకోలేనిది ఇచ్చినా. కొట్టండి, ఊళ్లోంచి ఎళ్లగొట్టండి... మీకు చెప్పకుండా చేసిన పాపం ఇది."

పద్మనాభయ్య గ్లాసు కింద పెట్టాడు. వీధివైపు ఒకసారి చూశాడు, వాకిలివైపు ఒకసారి చూశాడు. ఎప్పుడో పేడతో అలికించిన ఆ అరుగు మీదే కళ్లు నిలబడిపోయాయి.

ముప్పై ఏళ్లలో మొదటిసారి, కావలివాడి ముందర ఆయన తల వంచాడు.

"మా అన్న కొడుకుదీ, మా బామ్మర్దిదీ ఒద్దని, పొద్దున్నే నువ్వు దొడ్డికి కూచున్న ముంతలోదే నా పేగుల్లోకి ఎక్కించమని డాక్టరు చేతులు పట్టుకునింది నేనేరా పోలా, నాకు తెలీదని నీకు చెప్పమనిందీ నేనే, ఊరికి చెప్పే మొహం లేక నెత్తురని అన్నా."