రెండు కణాల దగ్గర

"పెద్దమ్మా, ఆ గిన్నెలు కడిగినవేగా! మళ్ళీ ఎందుకు?"

ల్యాబ్‌లో గాజుసామాను కడిగే ముసలావిడ కుళాయి కట్టలేదు.

"సబ్బు పోలేదమ్మా."

పరిశోధకురాలు ఒక గిన్నె తీసి వాసన చూసింది.

"ఏ సబ్బూ లేదు. ఇంకాస్త రుద్దితే గాజు అరిగిపోతుంది."

"అరిగితే కొత్తవి కొంటారు. మనకు తెలీదు గానీ, సబ్బు సంగతి వాటికి తెలుస్తుంది."

వాటికి అంటే, ఎలుక పిండాలకు.

తల్లి అండం నుంచి వచ్చే ఒక ప్రోటీన్ పిండంలోని జన్యువులను మేల్కొలుపుతుంది. అది లేకపోతే పిండం రెండు కణాల దగ్గరే ఆగిపోతుంది. ఇది పాత సంగతే. ఆ ప్రోటీన్‌లో ఏ ముక్క ఈ పని చేస్తుందో పరిశోధకురాలు తేల్చాలి. నెలాఖరులోగా తేల్చకపోతే మూడేళ్ళ కష్టం మూలపడుతుంది.

"నీ చాదస్తంతో నా పొద్దంతా ఇక్కడే గడిచేట్టుంది."

"చాదస్తమే అనుకో. ఏడుసార్లు కడగందే ఇవ్వను."

ఆ మధ్యాహ్నమే పరిశోధకురాలి నుంచి ల్యాబ్ పెద్దసారుకు ఫిర్యాదు వెళ్ళింది. మర్నాటి నుంచి ముసలావిడను రావద్దన్నారు. గిన్నెలు మెషీన్‌లో పడి, పది నిమిషాల్లో తళతళలాడుతూ వచ్చాయి.

నాలుగోరోజు పరిశోధకురాలు మైక్రోస్కోప్‌లో చూసింది. ముక్క తీసేసిన పిండాలు రెండు కణాల దగ్గర ఆగాయి. సంతోషంగా పక్క గిన్నె పెట్టింది.

ఏమీ తీయని పిండాలూ అక్కడే ఆగాయి.

రెండు వారాల పాటు మళ్ళీ మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

"తీసినా ఆగాయి, తీయకపోయినా ఆగాయి. ఇంక ఏం రుజువు చేస్తావమ్మా?" అన్నారు పెద్దసారు.

ఏడుసార్లు కడిగిన గిన్నెలు గుర్తొచ్చి, ముసలావిడ అడ్రసు కనుక్కుని బయల్దేరింది. ముసలావిడ కూతురు తలుపు తీసింది.

"మీ అమ్మగారిని మళ్ళీ పనికి రమ్మని అడగడానికి వచ్చానండీ."

"అమ్మ పోయి పన్నెండు రోజులైంది."

కూతురు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చింది.

"మీరు ల్యాబ్ వాళ్ళే కదా, ఒక్క సాయం చేయండి. అమ్మ పెట్టెలో ఈ ఇంగ్లీషు కాగితాలు దొరికాయి. ఏం రాశారో చదివి చెప్తారా?"

ముప్పై ఏళ్ళ నాటి వ్యాసం. ఆ ప్రోటీన్ సంగతి లోకానికి మొదట చెప్పింది అదే. పరిశోధకురాలికి అందులోని అంకెలన్నీ కంఠస్థం. చివరి పేజీలోని కృతజ్ఞతలు మాత్రం ఎప్పుడూ చదవలేదు.

ఇప్పుడు తెలుగు చేసి పైకి చదివింది.

"మా పిండాలన్నీ రెండు కణాల దగ్గర ఆగిపోతుంటే, లోపం వాటిలో కాదు, సరిగా కడగని గాజులో ఉందని కనిపెట్టింది మా గాజుసామాను కడిగే ఆవిడ, ఆవిడే లేకపోతే ఈ ప్రోటీన్ మాకు దొరికేది కాదు."