పసుపు తలుపు ఇల్లు

డార్సీ బేస్‌బాల్ బ్యాటుతో కిటికీ పగలగొట్టి నా అద్దింట్లోకి దూకింది. మూడు నెలల పనికి నేను నర్సుగా చేరిన ఆసుపత్రిలో ఆమె పర్మనెంటు నర్సు.

"నా జీతానికి రెట్టింపు నీకు! పైగా ఇంటద్దెకి ఆసుపత్రి డబ్బు వేరే! ఆ అద్దెకి ఆశపడే కదే ఓనరు నన్నీ ఇంట్లోంచి గెంటేశాడు? పిల్లల్తో కార్లో పడుకుంటున్నా!"

మొదటి దెబ్బకు నా మోచెయ్యి విరిగింది. బ్యాటు మళ్ళీ లేచింది.

"రేపు నేనూ నీలాగే మూడు నెలల తిరుగుడు ఉద్యోగానికి పోతున్నా, బిల్లింగ్స్ ఊరికి. స్ప్రూస్ వీధిలో పసుపు తలుపు ఇల్లు కూడా కుదిరింది. పోయేముందు నీ పని పడతా!"

అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది.

"ఆ తలుపు తన్నితేగానీ తెరుచుకోదు డార్సీ. పోయినేడు మూడు నెలల నర్సెవరో వస్తోందని నన్ను అందులోంచే గెంటేశారు."