నూనె డబ్బాల ఈత

"కాళ్లాడించండి టీచర్ గారూ! నోట్సులు దిద్దుతున్నట్టు నీళ్లకేసి అలా చూస్తారేంటి?" గట్టు మీంచి మా ఇంట్లో పనిచేసే కృష్ణవేణి అరిచింది.

మామిడితోటలోని పెద్ద నీళ్లతొట్టిలో ఈతకి ఇది నా పదో రోజు. తేలడానికి వీపున కట్టుకునే ఖాళీ నూనె డబ్బాలు ఇవాళ లేవు. వానలు పడేలోగా ఈత రావాలి. బడికి వెళ్లే దారిలో వాగుంది. నిరుడు మావారిని తీసుకుపోయింది ఆ వాగే.

"మునిగిపోతానేమో!"

"మునిగితే లేచి నిలబడండి, నడుం లోతేగా! గడ్డం పైకెత్తండి!"

ఎత్తాను. కాళ్లాడిస్తూ ముందుకు సాగాను. అవతలి గోడ చేతికి తగిలింది. సంతోషం పట్టలేక కృష్ణవేణి చెయ్యి పట్టుకుని నీళ్లలోకి లాగబోయాను.

"అమ్మో, వద్దండీ! నాకు ఈత రాదు!"

"మరి ఇన్నాళ్లూ ఎలా నేర్పావు?"

"మా తమ్ముళ్లకి నాన్న నేర్పేవాడండీ. ఆడపిల్లనని నన్ను గట్టు మీదే కూర్చోబెట్టేవాడు. అన్నీ విన్నా. మీరేమో వాగు వస్తే కళ్లు మూసుకుని నడుస్తున్నారు. ఎవరో ఒకరు మిమ్మల్ని నీళ్లలోకి దించాలిగా!"

"మా ఇంటికి పనికి వచ్చేటప్పుడు నువ్వు దాటేదీ ఆ వాగేగా?"

కృష్ణవేణి గట్టు మీద ఇంకాస్త వెనక్కి జరిగింది.

నూనె డబ్బాలు తెచ్చి ఆమె వీపుకు కట్టాను. ముడి రెండుసార్లు లాగి చూశాను.

"దిగు," అన్నాను. "గడ్డం పైకెత్తు."