వెలుతురు పరీక్ష

చిప్ప నిలువునా పగిలింది.

పక్కనే పళ్ళెంలో నీళ్ళు కదలకుండా ఉన్నాయి.

ఆల్చిప్పకి రంధ్రం పెట్టాలంటే నీళ్ళలో ముంచి పట్టుకోవాలి. పొడిగా తొలిస్తే వేడెక్కి ఫట్‌మంటుంది. గవ్వల గొలుసులు నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆమె చెప్పే మొదటి మాట అదే.

ఇవాళ తనే మర్చిపోయింది.

సాయంత్రం వస్తానన్న పాప తండ్రి పొద్దున్నే ఫోన్ చేశాడు. దారిలో ఉన్నాడట, పాపని రెడీ చెయ్యమన్నాడు.

గవ్వలు గుచ్చుకోవడం కూడా ఒక ఉద్యోగమేనా అని ఆయన లాయరు అడిగితే కోర్టులో వెనక బెంచీ దాకా నవ్వారు. తీర్పు ప్రకారం పాప ఇక తండ్రి దగ్గరే, ఆయన ఊళ్ళోనే. అమ్మ సెలవులకి మాత్రమే.

ఏడవకుండా కారెక్కుతాను కానీ ఒక షరతు అంది పాప. ఒకే ఆల్చిప్పలోని రెండు చిప్పలు ఇద్దరి మెడల్లో ఉండాలి. మళ్ళీ కలిసినప్పుడు మూసి చూసుకోవాలి.

పాపది నిన్ననే అయిపోయింది. రాత్రంతా మెడలోనే ఉంచుకుని పడుకుంది, ఇప్పుడు స్నానానికి వెళ్తూ తీసి బల్ల మీద పెట్టింది.

పగిలింది అమ్మది.

పెరట్లో గవ్వలు కడుగుతున్న ఆమె అక్క ఆ చప్పుడు విని వచ్చింది. చూసింది. విడి చిప్పల బకెట్టు తెచ్చి బల్ల మీదే బోర్లించింది.

ఇద్దరూ ఒక్కొక్కటే తీసి పాప చిప్పకి ఆనించి చూశారు. సైజు కుదిరితే రంగు కుదరలేదు. రంగు కుదిరితే కీలు దగ్గర పళ్ళు పట్టలేదు. ఒక చిప్ప పళ్ళు దాని జతకి తప్ప ఇంక దేనికీ పట్టవు. తెలిసీ వెతుకుతున్నారు.

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా ఒడ్డుకి పరుగెత్తింది.

సముద్రం పోటు మీద ఉంది. రోజూ ఏరుకునే చోటంతా నీళ్ళే. మోకాళ్ళ లోతులో వంగి, అలల కింద ఇసుకని చేతులతో తవ్వింది. దొరికినవన్నీ ఒళ్ళో పోసుకుంది. అల వచ్చి సగం తీసుకుపోయింది.

తిరిగొచ్చేసరికి అక్క ఒకటి వేరు చేసి పెట్టింది.

"ఇది దగ్గర దగ్గరగా ఉందే. కానిచ్చెయ్. చిన్నపిల్ల, దానికేం తెలుస్తుంది?"

"దానికా?"

అక్క నవ్వబోయి ఆగిపోయింది.

ఆ ఇంట్లో ఏ లోలాకుల జతైనా పాప చూశాకే బయటికి వెళ్తుంది. రెండు చిప్పలూ మూస్తుంది, కిటికీ వైపు పెట్టి, ఒక కన్ను మూసి చూస్తుంది. సందులోంచి వెలుతురు కనిపించిందా, ఫెయిల్. బకెట్లోకి విసిరేస్తుంది. పెద్దమ్మ కట్టిన జతనైతే, కొన్నావిడ చెవులకి పెట్టుకుని మెట్లు దిగుతుంటే ఆపి మరీ ఫెయిల్ చేసింది. అప్పటినుంచీ అందరూ ఇన్‌స్పెక్టరమ్మ అనే పిలుస్తారు.

వీధిలో హారన్ మోగింది.

ఇంక వేరే దారి లేదు. అక్క తీసిన చిప్పనే నీళ్ళలో ముంచింది. అక్క ఆమె మణికట్టు పట్టుకుంది. ఈసారి పగల్లేదు. దారం ఎక్కించి మెడలో వేసుకుంది. పగిలిన ముక్కల మీద పేపరు లాగింది.

పాప బ్యాగు తగిలించుకుని వచ్చింది. తన చిప్ప మెడలో వేసుకుంది.

"ఏదీ, నీది చూపించు."

"నాన్న వచ్చేశారు. కార్లో చూసుకుందువుగానిలే."

"కార్లో నీది ఉండదు కదమ్మా."

ఆమె మెడలోంచి తీసి ఇచ్చింది. చెప్పేద్దామని నోరు తెరిచింది.

పాప అప్పటికే రెండూ కలిపి మూసింది. కీలు దగ్గర వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి.

పేపరు అంచు కింద ఒక తెల్లటి ముక్క బయటికే ఉంది. పాప దాన్ని చూసింది. అమ్మ కాళ్ళకంటిన తడి ఇసుకని చూసింది.

మళ్ళీ హారన్.

పాప కిటికీ దగ్గరికి నడిచింది. చిప్పలు ఎత్తి పట్టుకుంది. ఒక కన్ను మూసింది.

సన్నటి వెలుతురు గీత వచ్చి, తెరిచి ఉన్న కంటి మీద పడింది.

పాప ఆ కన్ను కూడా మూసుకుంది.

"పాస్," అంది.