మూడోదే ఖాయం

శంషాబాద్ డ్రైవర్ ఎక్కించుకున్న మనిషిని నడిదారిలో దింపిన దాఖలా ఇంతవరకూ లేదు. విమానాలైనా దారి తప్పుతాయేమో గానీ, మావాళ్లు మాట తప్పరు.

అలాంటి డ్రైవర్ మత్తయ్య కారులో, విమానాశ్రయం నుంచి కొత్తూరుకు పోతున్నాడు బ్లెసన్. అమ్మ పంపిన పని. కారు వస్తుందని చెప్పింది కూడా అమ్మే. అతని ధ్యాసంతా పుణెలోని ల్యాబు మీదే ఉంది.

బతికున్న గుండె కణంలో కాల్షియం పెరిగితే వెలిగి, తగ్గితే ఆరిపోయే ప్రోటీన్లు అక్కడ మూడున్నాయి. వాటిలో ఒకదాన్ని ఈ సాయంత్రంలోగా ఎంచుకోవాలి. లేకపోతే మైక్రోస్కోపు వేరేవాళ్ల చేతికి పోతుంది, బ్లెసన్ ప్రయోగం అటకెక్కుతుంది.

"నీళ్లు తాగుతవా బిడ్డా? అమ్మ పానం మంచిగున్నదా?" అడిగాడు మత్తయ్య.

బ్లెసన్‌కు ఒళ్లు మండింది. డ్రైవర్‌కు ఇంటి సంగతులెందుకు! అంతలో ల్యాబు నుంచి పూర్ణిమ ఫోను.

"పరేషాన్ చేయకు పూర్ణిమా! మొదటిది మస్తు మెరుస్తది, ఒప్పుకుంట. కానీ ఒకసారి వెలిగిందంటే తొందరగ చల్లారదు. దానితోని ఏగుడు నాతోని కాదు."

మత్తయ్య అద్దంలోకి చూశాడు.

"రెండోదా? ఎర్రగ మంచిగనే ఉంటది. జర వెలుతురు తగిలితే వాడిపోతది. అసొంటిదాన్ని పెట్టుకొని ఏం చేస్త?"

కారు గతుకులో పడి దభేలుమంది.

"మెల్లగ, కాకా!" విసుక్కున్నాడు బ్లెసన్.

"మస్తు చూసినట్టున్నవ్ గద బిడ్డా." మత్తయ్య గొంతు మారింది.

"చూసి చూసి కండ్లు పోతున్నయ్. ఒక్కటీ సక్కగ లేదు!"

నెత్తిమీంచి విమానం గర్జిస్తూ పోయింది. పూర్ణిమ మాట వినబడక బ్లెసన్ గొంతు చించుకున్నాడు.

"మూడోదే! మెరుపు తక్కువే, కానీ చురుకు. గుండె ఎట్ల కొట్టుకుంటే గట్ల ఆడతది. ఇగ మూడోదే ఖాయం. వేరేది చూసుడు బంద్!"

కారు సర్రున పక్కకు తిరిగి ఆగింది. మత్తయ్య దిగి, డిక్కీలోంచి బ్యాగు తీసి రోడ్డు మీద పెట్టాడు.

"దిగు."

"ఏంది కాకా, కొత్తూరు రాలేదు గద!"

"మూడోది ఖాయమైనంక నాలుగోదాని మొకం చూసుడెందుకు?"

"నాలుగోదేంది? అసలు నాలుగోది లెక్కలనే లేదు!"

ఆ మాటతో మత్తయ్య తలుపు ధన్‌మని వేసుకొని, దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయాడు.

ఇందులో నేను కల్పించింది 'డ్రైవర్' అన్న ఒక్క మాటే. పెళ్లిచూపులకొచ్చిన అబ్బాయికి సొంత కారేసుకొని ఎదురొచ్చిన మత్తయ్య, పిల్ల తండ్రి.